ఎవరూ ఎక్కని దోనె

భీమడోలు రైల్వేగేటు దగ్గర దిగి కనకరత్నం కుట్టుకొట్టు ఎక్కడండీ అని అడిగితే ఎవరైనా రెండు గుర్తులు చెబుతారు. ఒకటి, వసారాలో దండేనికి వేలాడే పెళ్ళికూతుళ్ళ జాకెట్లు. రెండోది, దాన్ని ఆనుకునే ఉన్న అబ్రహాం వడ్రంగి షెడ్డు, అందులో గోడకి నిలబెట్టిన పెట్టెలు. పెట్టెలంటే బట్టలు దాచుకునేవి కాదు. మనిషి ఆఖరిసారి పడుకునేవి. చెక్కపని అబ్రహాంది. లోపల తెల్ల శాటిన్ గుడ్డ పరిచి, అంచుకి లేసు కుట్టి, తలకింద చిన్న దిండు పెట్టడం కనకరత్నం పని. ఒకే మిషను మీద పెళ్ళి జాకెట్టూ పెట్టె గుడ్డా కుట్టడం చూసి కొత్తవాళ్ళు కాస్త జంకుతారు. ఆవిడకి మాత్రం ఏ మొహమాటమూ లేదు. "పెళ్ళికూతురు నాలుగుసార్లు లూజు చెయ్యమంటుంది, మళ్ళీ బిగువు చెయ్యమంటుంది. పెట్టెలో పడుకున్నావిడ ఇంతవరకూ ఒక్క వంక పెట్టలేదండి" అంటుంది.

నోరు అలాంటిది ఆవిడకి. చెయ్యి మంచిది, నోరే కాస్త దురుసు. ఏలూరులో క్రైస్తవ మిషనరీలు నడిపే కుట్టుపని బడిలో నేర్చుకుంది. రైల్వే గ్యాంగులో పనిచేసే ఆయన్ని చేసుకుని భీమడోలు వచ్చింది. ఆయన ఉన్నన్నాళ్ళు బాగా చూసుకున్నాడు, తర్వాత గుండెజబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. ఆదివారం గుళ్ళో పాటలకి ముందు గొంతు ఆవిడదే. మైకు పనిచెయ్యకపోయినా వీధి చివర దాకా వినబడుతుంది, అందుకే మైకు బాగుచేయించే విషయం చర్చి సంఘంలో ఎవరూ పట్టించుకోరు. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఎవరూ ఎత్తనిది ఒక్క తమ్ముడి సంగతి.

తమ్ముడి పేరు క్రీస్తుదాసు. మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున వాళ్ళ పుట్టిల్లు. అతను అక్కడే చేపల చెరువుల్లో పనిచేస్తూ తల్లిని చూసుకున్నాడు. తల్లి పోయి పదేళ్ళు దాటింది. అప్పుడు వరదలు. పొద్దున్నే ఫోనొస్తే, ఈవిడ ఏడుస్తూ బస్సెక్కలేదు, ఏడుస్తూ మిషను దగ్గర కూర్చుంది. ఊరందరి పెట్టెలకీ గుడ్డ కుట్టిన చేత్తో అమ్మ పెట్టెకి కుట్టకపోతే ఎలాగ అనుకుంది. ఉన్నవాటిలో మంచి శాటిన్ తీసి, వెడల్పు లేసు వేసి, దిండు మీద చిన్న శిలువ కూడా కుట్టింది. అది మూటగట్టుకుని బయల్దేరేసరికి మొదటి బస్సు వెళ్ళిపోయింది. రెండో బస్సు ఏలూరు దాటి కైకలూరు రోడ్డు మీద సగందూరం వెళ్ళి ఆగిపోయింది. రోడ్డు మీదకి కొల్లేరు వచ్చేసింది. మోకాళ్ళ లోతు నీళ్ళ ముందు మూట పట్టుకుని నిలబడి ఉండగా తమ్ముడి ఫోనొచ్చింది. "అయిపోయిందక్కా" అన్నాడు.

వాళ్ళ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. పెట్టెకి మూత వేసేముందు పాస్టరుగారు ఇంటివాళ్ళ వైపు తిరిగి, "ఇంకా రావలసినవారెవరైనా ఉన్నారాండీ?" అని అడుగుతారు. ఉన్నారంటే ఆగుతారు. ఎంత ఎండైనా, ఎంత వానైనా ఆగుతారు. బెంగుళూరు నుంచి రావాల్సిన మనవడి కోసం రాత్రంతా ఐసు పెట్టి ఉంచినవాళ్ళున్నారు. ఆ రోజు పాస్టరుగారు అలాగే అడిగితే, క్రీస్తుదాసు "ఎవరూ లేరండి, కానివ్వండి" అన్నాడట. చుట్టాలే చెప్పారు ఆవిడకి, చుట్టాలు ఇలాంటివి దాచుకోరు కదా. ఆలస్యమైనందుకు కాదు, నీళ్ళు అడ్డం వచ్చినందుకు కాదు, ఉన్న అక్కని లేదన్నందుకు ఆవిడకి కడుపు మండిపోయింది. ఆ రోజునుంచి తమ్ముడి గుమ్మం తొక్కలేదు, ఫోనెత్తలేదు. అతనూ రెండుమూడేళ్ళు ప్రయత్నించి ఊరుకున్నాడు. "ఆగవలసిందక్కా, తప్పయిపోయింది" అని ఒక్కసారి వాడి నోటితో వినాలి. అంతకంటే ఆవిడకి ఏమీ అక్కర్లేదు. కుట్టిన ఆ గుడ్డ మాత్రం ఏ పెట్టెకీ వాడకుండా ట్రంకులో అడుగున పెట్టేసింది.

ఇక మధుబాబు సంగతి. తాడేపల్లిగూడెంలో ఫొటో స్టూడియో అతనిది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బాప్తిస్మాలు, భూస్థాపనలు అన్నీ తీస్తాడు. ఏడ్చేవాళ్ళని తీసీ తీసీ విసిగిపోయాడో ఏమో, ఒక సినిమా తీయాలని పడింది మనసులో. పెద్దది కాదు, ఇరవై నిమిషాలది. దెయ్యం కథ అయితే జనం చూస్తారని లెక్క. కథ కోసం ఎక్కడికో వెళ్ళలేదు. కొల్లేటి ఊళ్ళలో తాతల కాలం నుంచి చెప్పుకునే కథే ఒకటుంది. ఎప్పుడో ఏదో మాసపత్రికలో అచ్చయిందని అంటారు, రాసిందెవరో ఎవరికీ గుర్తులేదు. చీకటి పడ్డాక పిల్లల్ని రేవు దగ్గరికి వెళ్ళకుండా ఆపడానికి ఆ కథ చాలు.

కథ ఇదీ. కొల్లేటి రేవులో ఒక పడవవాడు. వాన కురిసే ఒక సాయంత్రం అవతలి ఒడ్డునుంచి ఒకామె పిలిచింది. "పడవోయ్, మా అమ్మ పోయింది, ఆఖరి చూపు దక్కించవోయ్" అని. వాడు కుంపటి దగ్గర వెచ్చగా కూర్చుని, వాన తగ్గాక చూద్దాంలే అనుకున్నాడు. తెల్లారి చూస్తే ఆమె రెల్లుపొదల్లో తేలింది. మర్నాటినుంచి పొద్దుగూకే వేళకి అదే పిలుపు. వాడు దోనె వేసుకుని వెళతాడు, ఒడ్డున ఎవరూ ఉండరు. ఖాళీ దోనె తిప్పుకుని వస్తాడు. వచ్చేటప్పుడు మాత్రం దోనె జానెడు నీళ్ళలోకి దిగి ఉంటుంది. రోజురోజుకీ ఇంకొంచెం దిగుతుంది. ఎవరూ ఎక్కని దోనె ఎందుకు దిగుతోందో వాడికి తెలుసు. ఆఖరికి ఒక సాయంత్రం నీళ్ళు అంచు మీదకి వస్తాయి.

పడవవాడి వేషానికి అబ్రహాం ఒప్పుకున్నాడు. పాస్టరు వేషానికి రిటైరైన డ్రాయింగు మాస్టారు భాస్కరరావుగారు. ఇక పిలిచే ఆవిడ కావాలి, మైకు అక్కర్లేని గొంతు కావాలి. మధుబాబు నేరుగా కుట్టుకొట్టుకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"పిన్నిగారూ, మీరు ఒక నాలుగుసార్లు గట్టిగా పిలిస్తే చాలండి. తర్వాత పెట్టెలో పడుకోవాలి. మాటలు కూడా ఉండవు."

"అంటే నోరు మూయించడానికి చచ్చిపోయినదాని వేషం ఇచ్చావన్నమాట."

"అయ్యో, అలా కాదండి."

"ఈ వయసులో నాకు సినిమాలేంట్రా. సంఘంలో నవ్వుతారు."

అయినా అతను వదిలేసి వెళ్ళిన కాగితాలు అన్నం తిన్నాక చదివింది. పిలిచే ఆవిడ భూస్థాపన సీను మధుబాబు తను ఫొటోలు తీసిన చోట్ల చూసినట్టే రాశాడు. పాస్టరు వేషం ఆయన "ఇంకా రావలసినవారెవరైనా ఉన్నారాండీ?" అని అడుగుతాడు. జవాబుండదు. పెట్టె మూస్తారు. అక్కడికొచ్చేసరికి ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆఖరి చూపు దక్కని ఆడదాన్ని గురించి ఎవరో ఎప్పుడో కథ రాశారు, అది తన గురించే అయినట్టుంది, పిలవమంటే పిలవనా మరి అనుకుంది. సాయంత్రం మధుబాబుకి ఫోను చేసి ఒక్కమాట చెప్పింది. "పెట్టెలో గుడ్డ నేను తెచ్చుకుంటాను. వేరేవాళ్ళ గుడ్డ మీద నేను పడుకోను."

ట్రంకులోంచి ఆ మూట తీసి ఎండలో వేసింది. మడతల దగ్గర కొంచెం పసుపెక్కింది గానీ లేసు చెక్కుచెదరలేదు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే నడిచింది. చిక్కంతా ఫ్లెక్సీ దగ్గర వచ్చింది. మన వైపు మనిషి పోతే గంట తిరక్కుండా ఫ్లెక్సీ కట్టాలి కదా. సినిమాలోనూ ఒకటి ఉండాలని మధుబాబుకి తోచింది. ఫ్లెక్సీలు వేసే వెంకటసాయికి కనకరత్నం ఫొటో పంపి, కింద సినిమాలో ఆవిడ పేరు మరియమ్మ అని, 'కన్నీటి శ్రద్ధాంజలి' అని వాట్సాప్ చేశాడు. సినిమా కోసం అన్నమాట మాత్రం రాయలేదు. రోజూ పంపేవే కదా, అలవాటు మీద పంపేశాడు. వెంకటసాయి పెళ్ళాం జాకెట్లన్నీ కనకరత్నమే కుడుతుంది. ఫొటో చూడగానే అతని గుండె గుభేలుమంది. పేరు దగ్గరికొచ్చేసరికి, పాత ఫైల్లో ఫొటో మార్చి పేరు మార్చడం మర్చిపోయారనుకున్నాడు. అతని షాపులో అది వారానికోసారి జరిగేదే. పాపం, చచ్చిపోయినావిడకి వేరేవాళ్ళ పేరేంటని తనే దిద్దాడు. 'శ్రీమతి కనకరత్నంగారు, ప్రభువునందు నిద్రించిరి' అని అందంగా వేశాడు. పైసా తీసుకోకుండా ఇంకో ఫ్లెక్సీ వేసి శనివారం పొద్దున్నే రైల్వేగేటు దగ్గర తనే తాళ్ళతో కట్టాడు. అది ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు. 'మొన్ననే మా ఇంటికొచ్చి కొలతలు తీసుకుంది' అని రాసి, కింద దణ్ణం బొమ్మలు కూడా పెట్టాడు. అంత మంచివాడు వెంకటసాయి. అడిగి ఉంటే సరిపోయేది.

ఒకవేళ ఎవరైనా ఫోను చేసి కనుక్కుందామన్నా కుదరదు. షూటింగు కూడా ఆ పొద్దునే మొదలైంది. ఏడుపు మధ్యలో ఎవడి ఫోనో మోగితే సీను పాడవుతుందని మధుబాబు అందరి ఫోన్లూ ఆపేయించి ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించాడు. అబ్రహాం షెడ్డు ముందు షామియానా, కిరాయి కుర్చీలు. స్త్రీల సమాజం వాళ్ళు తెల్లచీరల్లో వచ్చి కూర్చున్నారు. ఏడవండి అంటే చాలు, ఎవరి కష్టాలు వాళ్ళు తలుచుకుని నిజంగానే ఏడ్చేస్తున్నారు. వాళ్ళని ఆపడమే కష్టమైంది. మధ్యలో పెట్టె. పెట్టెలో తెల్ల శాటిన్ మీద కనకరత్నం, ముక్కుల్లో దూది, గడ్డం కింద నుంచి కట్టిన గుడ్డ. ముఖానికి కొంచెం పౌడరు. వీధిలోంచి చూసినవాడికి అనుమానం రావడానికి అక్కడేమీ లేదు. కెమెరా ఉంది కదా అంటారేమో, కెమెరా లేని భూస్థాపన ఇప్పుడు మన వైపు ఎక్కడుంది?

భాస్కరరావుగారు బైబిలు పట్టుకుని గొంతు సవరించుకున్నారు. మధుబాబు చెయ్యి ఊపాడు.

"ఇంకా రావలసినవారెవరైనా ఉన్నారాండీ?"

"ఉన్నారండి," అన్నాడెవరో వెనకనుంచి. "మూత వెయ్యకండి. మా అమ్మాయి పింకీ ఏలూరులో డ్యూటీ దిగి వస్తోంది. వాళ్ళ మేనత్త మొహం అది చూడాలి. ఎంతసేపైనా సరే, ఆగండి."

మధుబాబుకి ఆ మనిషెవరో తెలియదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళకి చెరువు బురదతో, నుదురంతా చెమటతో ఉన్నాడు. అబ్రహాం ఎవర్నో తెచ్చి పెట్టాడు, భలే చేస్తున్నాడనుకుని కెమెరా అతని మీదకి తిప్పాడు. అబ్రహాం మనిషిని గుర్తుపట్టాడు గానీ నోట మాట రాలేదు. పెట్టెలో ఉన్నావిడకి చూడక్కర్లేకపోయింది. ఆ గొంతు ఆవిడ పెంచిన గొంతు.

ముందు ఒళ్ళు మండింది ఆవిడకి. ఇప్పుడొచ్చావా, ఇప్పుడు ఆగమంటున్నావా, ఆ రోజు ఏమైంది నీ నోటికి అనుకుంది. లేచి నాలుగు దులిపేద్దామనుకుంది. గడ్డం కట్టేసి ఉంది. అది విప్పుకునేలోగా అతను పెట్టె పక్కన కూలబడి దాని అంచు పట్టుకున్నాడు.

"అక్కా, ఆ రోజు ఆగకపోవడం తప్పే. నీకు చెప్పుకోలేకపోయాను. ఎలాగూ వినవు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొద్దున తవ్విన గుంటలో నీళ్ళు ఊరిపోయాయే. తోడుతుంటే ఊరుతున్నాయి. బకెట్లతో తోడాం, ఇంజను పెట్టి తోడాం. సాయంత్రానికి స్మశానం మొత్తం మునిగిపోద్దన్నారు. ఇంకో గంట ఆగితే అమ్మకి ఆ చోటు కూడా ఉండదు. అందుకని ఎవరూ లేరన్నాను. నీ పేరు చెబితే పాస్టరుగారు ఆగిపోతారని లేరన్నాను. దింపితే పెట్టె తేలిపోయిందక్కా. మునగట్లేదు. ఆఖరికి నేను దిగి పెట్టె మీద నిలబడితే వాళ్ళు మట్టి వేశారు. అమ్మ మీద నిలబడ్డానే నేను. అది నీకు ఎలా చెప్పను? మొహం చూడనివ్వలేదని నువ్వు నన్ను తిట్టుకోవడమే నయమనిపించింది. అది తిట్టుకుంటూ బతకొచ్చు, ఇది తెలిస్తే నువ్వు అన్నం తినలేవు."

తెల్లచీరల వాళ్ళు ఏడుపు ఆపేశారు. ఇంతవరకూ ఎవరి కష్టాలకి వాళ్ళు ఏడ్చినవాళ్ళు ఇప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పెట్టెలో కనకరత్నానికి, మూసిన కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. పదేళ్ళ పైన ఎదురుచూసిన మాట విన్నది. విన్నాక సంతోషం వస్తుందనుకుంది, రాలేదు. వీడు ఒక్కడే ఇంత మోసుకుని తిరిగాడా, నేను దుప్పటి కప్పుకుని పడుకున్న రాత్రులన్నీ వీడు ఆ పెట్టె మీద నిలబడే ఉన్నాడా అనుకుంది.

క్రీస్తుదాసు ఆ కన్నీళ్ళు చూశాడు. పోయినవాళ్ళకి అయినవాళ్ళ గొంతు వినబడితే కళ్ళలో నీళ్ళు వస్తాయని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాడు. "అక్క విందండి," అన్నాడు భాస్కరరావుగారితో, మెల్లిగా.

అప్పుడు కనకరత్నం అతని మణికట్టు పట్టుకుంది.

కేకలు వేసింది మధుబాబు ఒక్కడే. క్రీస్తుదాసు కేక వెయ్యలేదు, వెనక్కి కూర్చుండిపోయాడు. అబ్రహాం పరుగెత్తి నీళ్ళు తెచ్చి అతని మొహాన కొట్టాడు. ఆవిడ దూది తీసి, కట్టు విప్పుకుని, చీర సర్దుకుని పెట్టెలోంచి లేచేసరికి అతను లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి షామియానా చివర కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు. కోపమో, సిగ్గో, బతికుందన్న సంతోషమో, మూడూ కలిసి ఉంటాయి.

ఆవిడ వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఎప్పుడూ మాటకి వెతుక్కోని మనిషి.

"నేను పోయానని ఎవరు చెప్పారు నీకు?"

"పింకీ ఫోనులో ఎవరిదో స్టేటస్ చూసింది. నీకు చేస్తే స్విచ్చాఫ్ వచ్చింది. సినిమా అని తెలిస్తే ఏమీ చెప్పకపోదును."

"అందుకే తెలియకపోవడం మంచిదైంది."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేదురా," అంది. తర్వాత, చెప్పకూడదనుకున్నదే చెప్పేసింది. "ఆ పెట్టెలో గుడ్డ చూశావా? అది అమ్మకి కుట్టిందే. అది కుడుతూ కూర్చునే మొదటి బస్సు వదిలేశాను. కుట్టకుండా వచ్చుంటే రోడ్డు మునగక ముందే దాటేసేదాన్ని. పాస్టరుగారు అడిగేసరికి నీ పక్కనే ఉండేదాన్ని. అది మింగుడుపడక, అంతా నీ మీద వేశాను."

క్రీస్తుదాసు లేచి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చొక్కాకి తుడుచుకుని, దిండు మీద కుట్టిన శిలువని వేలితో తడిమి చూశాడు. పింకీ ఆటో దిగి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే కంచంలో షూటింగు పులిహోర తింటున్నారు. మేనత్తని చూసి ఆ పిల్ల ఎంత బెదిరిందో, తర్వాత వెంకటసాయిని ఎన్ని తిట్టిందో అది వేరే కథ. గేటు దగ్గర ఫ్లెక్సీని కనకరత్నమే నిలబడి విప్పించింది. "ఫొటో బాగా వేశాడు, దాచుంచండి, ఎప్పుడైనా అవసరమే కదా" అంది.

మధుబాబు మాత్రం ఆ సాయంత్రం కెమెరా పట్టుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. "పిన్నిగారూ, నా జన్మలో ఇలాంటి సీను మళ్ళీ తీయలేనండి. అలాగే ఉంచేస్తాను, దయచేసి కాదనకండి" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం ఒకసారి చూసింది. తర్వాత, "తీసెయ్యి బాబూ. మా అమ్మ అందులో ఉంది" అంది. అతను ఇంకేమీ అడక్కుండా ఆవిడ కళ్ళ ముందే తీసేశాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కుర్రాడు మంచివాడు.

మిగిలింది దోనె సీను. అది మండవల్లి వైపు, క్రీస్తుదాసు వాళ్ళ రేవులోనే తీశారు. పదేళ్ళ పైన తొక్కని గుమ్మం ఆవిడ ఆ రోజు తొక్కింది. వంట గది ఎలా పెట్టుకోవాలో మరదలికి వచ్చిన గంటలోనే చెప్పేసింది కూడా. రేవులో మాత్రం పని సాగలేదు. అబ్రహాంకి గెడకర్ర వెయ్యడం రాదు, దోనె ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. ఖాళీ దోనె నీళ్ళలోకి దిగి కనబడాలి, గ్రాఫిక్సు చేయించే స్తోమత మధుబాబుకి లేదు. ఇసక బస్తాలు వేస్తే ఒక పక్కకి ఒరిగిపోయింది, పైగా బస్తాలు కనబడుతున్నాయి. ఒడ్డున నిలబడి చూస్తున్న క్రీస్తుదాసు ఆగలేక అన్నాడు, "బస్తాలకి అవదండి. మనిషి పొడుగ్గా పడుకుంటే దోనె సమంగా దిగుద్ది. పైకి ఏమీ కనబడదు."

"నేను పడుకుంటాను," అంది కనకరత్నం. "నాకు అలవాటైపోయింది."

అబ్రహాం చొక్కా, తలగుడ్డ క్రీస్తుదాసు వేసుకున్నాడు, దూరం నుంచి ఎవరైనా ఒకటే. ఆ సినిమా తర్వాత యూట్యూబులో పెట్టారు. దోనె ఒక్కటే వస్తూ నీళ్ళలోకి దిగిపోయే చోట భయపడని వాళ్ళు లేరు. గ్రాఫిక్సు ఎవరు చేశారండీ అని ఇప్పటికీ అడుగుతుంటారు, మధుబాబు నవ్వి ఊరుకుంటాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆఖర్న చెప్పవలసింది వేరే ఉంది.

పొద్దు వాలింది. కనకరత్నం దోనె అడుగున ఆ తెల్ల శాటిన్ గుడ్డ పరుచుకుని, చిన్న దిండు తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. పెట్టె అబ్రహాం షెడ్డుకి తిరిగి వెళ్ళిపోయింది గానీ గుడ్డ ఆవిడ వెంటే వచ్చింది. పైన ఆకాశం, తమ్ముడి మొహం, గెడ తప్ప ఏమీ కనబడడంలేదు. అవతలి ఒడ్డున దోనె తిప్పి అతను వెనక్కి వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ ఒడ్డునే సంఘం స్మశానం, అమ్మ ఉన్న చోటు. అక్కడ ఇప్పుడు నీళ్ళు లేవు, గడ్డి ఉంది.

"కదలకు అక్కా. కెమెరా చూస్తోంది."

"కదలట్లేదు. బరువుగా ఉన్నానా?"

"ఉన్నావు."

దోనెలన్నిటిలోనూ ఊరినట్టే అడుగున నీళ్ళు ఊరడం మొదలైంది. ముందు మడమలకి తగిలింది. తర్వాత వీపు కింద గుడ్డ తడిసింది, లేసు తడిసింది, దిండు తడిసింది. లేచి కూర్చోవాలనిపించింది ఆవిడకి. అమ్మకీ ఇలాగే తగిలి ఉంటాయనుకుని లేవలేదు. చేతులు పక్కన చాపి, నీళ్ళు మెడదాకా రానిచ్చి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. పగలంతా ఎండ కాసిన నీళ్ళు.

"తమ్ముడూ."

"ఏంటక్కా?"

"నీళ్ళు చల్లగా లేవురా. వెచ్చగానే ఉన్నాయి."

గెడ నీళ్ళలో ఆగిపోయింది. దోనె కాసేపు తనంతట తనే కదిలింది. ఒడ్డునుంచి మధుబాబు, "ఆపకండి బాబాయ్, వెలుతురు పోతోంది" అని అరిచాడు. క్రీస్తుదాసు తలగుడ్డతో మొహం తుడుచుకుని మళ్ళీ గెడ వేశాడు.